ఐదో నంబరు ఫారం

ప్రత్యేక సంచికకు చరిత్ర సంబంధమైన వ్యాసం ఒకటి వ్రాసి ఇవ్వమని మన సంఘం కార్యదర్శిగారు కోరారు. చార్మినారు గురించి, గోలకొండ గురించి నాకంటె బాగా వ్రాయగలవారు మన సభ్యులలోనే చాలామంది ఉన్నారు. ముప్పై మూడేళ్ళు గుమాస్తాగిరీ చేసినవాణ్ణి కనుక నేను నాకు బాగా తెలిసిన వస్తువు చరిత్రనే వ్రాస్తున్నాను. అది ఒక ఫారం. నవాబులకూ దివానులకూ చరిత్ర ఉన్నట్టే ఫారాలకూ ఉంటుంది. నవాబులు పోయారు గాని ఫారాలు పోలేదు.

ప్రతి కార్ఖానాకూ రెండు లెక్కలుంటాయి. మొదటిది మనకందరికీ తెలిసినదే. పెట్టుబడి ఎంత, అమ్మకం ఎంత, లాభం ఎంత. రెండోది, ఒక టన్ను సరుకు తయారుచేయడానికి ఎన్ని నీళ్ళు తాగింది, ఎంత బొగ్గు మండించింది, తెచ్చిన ముడిపదార్థంలో సరుకుగా మారినది ఎంత, కాలువలోకీ గాలిలోకీ పోయినది ఎంత అనేది. ఈ రెండో లెక్క చూస్తేనే ఆ వ్యాపారం ఇంకో యాభై ఏళ్ళు నిలవగలదా, లేక పక్క ఊరి బావులు తాగేసి మూతపడుతుందా అనేది తెలుస్తుంది. ఇప్పుడు దీనికి సుస్థిరత అనీ, సస్టైనబిలిటీ అనీ పెద్ద పేర్లు వచ్చాయి. మా మనవరాలు హైటెక్ సిటీలో ఒక కంపెనీలో ఈ సస్టైనబిలిటీ రిపోర్టులు తయారుచేసే ఉద్యోగంలో ఉంది. ఇదేదో తమ తరంలో పుట్టిన శాస్త్రం అనుకుంటున్నది. దాని తాతను నేను చూశానమ్మా అని చెప్పాను.

మేముండేది నల్లకుంటలో. పేరులో కుంట ఉంది గాని ఊళ్ళో కుంట లేదు. మాకు ఒక పక్క ఆజామాబాదు. నిజాం కాలంలో నగరంలో మొదటగా ప్రత్యేకించి కార్ఖానాల కోసం ఏర్పరచిన ప్రాంతాలలో అది ఒకటి. ఇంకో పక్క అడిక్‌మెట్ దాటితే విశ్వవిద్యాలయం ఆవరణ, దాన్ని దాటితే తార్నాక. తార్నాకలో ఇప్పుడు భారతీయ రసాయన సాంకేతిక సంస్థ అని పిలిచే ప్రయోగశాల నిజాం ప్రభుత్వం 1944లో పెట్టినది. 1956లో అది కేంద్ర సి.ఎస్.ఐ.ఆర్. కిందికి వెళ్ళి ప్రాంతీయ పరిశోధనాశాల అయింది. 1989లో ఇప్పటి పేరు వచ్చింది. మా వయసువాళ్ళు ఇప్పటికీ దాన్ని ఆర్.ఆర్.ఎల్. అనే అంటారు, సిటీ బస్సు కండక్టర్లతో సహా. సరుకు తయారుచేసే చోటు ఆజామాబాదు, సరుకు ఎలా తయారుచేయాలో చెప్పే చోటు తార్నాక. ఈ రెండింటి మధ్య నల్లకుంట మనుషుల పని ఎక్కువగా కాగితాల మీద లెక్క వ్రాయడం. ఈ వ్యాసానికి అంతకు మించిన అర్హత నాకు లేదు.

హైదరాబాదు మందుల నగరం ఎలా అయిందో క్లుప్తంగా చెప్పి ముందుకు పోతాను. 1961లో ఐ.డి.పి.ఎల్. అనే ప్రభుత్వ సంస్థ ఏర్పడి, దాని సింథటిక్ డ్రగ్స్ కార్ఖానా బాలానగర్‌లో వచ్చింది. అందులో పని నేర్చుకున్నవారు, తార్నాక ప్రయోగశాలలో తయారైన పద్ధతులు, ఉస్మానియా నుంచి ఏటేటా బయటికి వచ్చే కెమిస్ట్రీ పట్టభద్రులు, వీటన్నిటి వల్ల జీడిమెట్ల, పటాన్‌చెరు, బొల్లారం పారిశ్రామికవాడలలో పెద్దా చిన్నా బల్క్ డ్రగ్ యూనిట్లు పుట్టుకొచ్చాయి. మందుల ధరలు దిగివచ్చాయి. పేదవాడికి మాత్ర అందింది. ఆ మేలు చిన్నది కాదు. ఈ రోజు మనం రక్తపోటుకూ చక్కెర జబ్బుకూ వేసుకునే మాత్రలు పెన్షను డబ్బుతో కొనుక్కోగలుగుతున్నామంటే ఆ కార్ఖానాల చలవే. మొదటి లెక్కలో ఇది జమ. రెండో లెక్క అడగడానికి చట్టాలు రావలసివచ్చింది.

నీటి కాలుష్య నివారణ చట్టం 1974లో వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో కాలుష్య నియంత్రణ మండలి 1976లో ఏర్పడింది. ఆ మరుసటి ఏడాది, 1977లో, నీటి సెస్సు చట్టం వచ్చింది. ఈ మూడింటిలో ఎవరూ పెద్దగా పట్టించుకోనిది మూడోదే. నా దృష్టిలో అసలు తెలివైనది కూడా అదే. పరిశ్రమ వాడే నీటికి మీటరు పెట్టాలి, ఎన్ని కిలోలీటర్లు వాడిందో రిటర్ను దాఖలు చేయాలి, దాని మీద సెస్సు కట్టాలి. అన్ని నీళ్ళకూ ఒకే రేటు కాదు. యంత్రాలు చల్లబరచడానికి వాడిన నీటికి ఒక రేటు, తాగడానికీ స్నానాలకూ ఒకటి, సులభంగా కుళ్ళి శుభ్రపడే మురికి కలిసే పనికి ఇంకొకటి, విషపదార్థాలు కలిసే పనికి అన్నిటికంటె ఎక్కువ రేటు. రేట్లు మాత్రం వెయ్యి లీటర్లకు పైసల్లోనే. మురుగునీటిని సొంతంగా శుద్ధిచేసే ఏర్పాటు చేసుకున్నవారికి తగ్గింపు ఉండేది. ఆ పైసలు చూసి నవ్వినవారున్నారు. నవ్వవలసింది కాదు. ఆ పైసల మిషతో కార్ఖానాలోకి ఒక మీటరు వచ్చింది.

మీటరు ఎందుకు ముఖ్యమో మన ఇళ్ళలో ఆడవారికి వేరే చెప్పనక్కరలేదు. చారులో ఉప్పు ఎక్కువైతే చెంబెడు నీళ్ళు పోస్తారు. రుచి సర్దుకుంటుంది. ఉప్పు మాత్రం ఎక్కడికీ పోలేదు, గిన్నెలోనే ఉంది. కార్ఖానా మురుగుకు ప్రమాణాలు ఎక్కువగా లీటరుకు ఇన్ని మిల్లీగ్రాములు అనే పద్ధతిలో ఉంటాయి. ఒక కార్ఖానా రోజుకు 100 కిలోలీటర్ల మురుగు వదులుతోందనీ, లీటరుకు 2,000 మిల్లీగ్రాముల మురికి ఉందనీ అనుకుందాం. రోజుకు 200 కిలోల మురికి బయటికి పోతున్నట్టు. అందులోనే ఇంకో 300 కిలోలీటర్ల మంచినీళ్ళు కలిపితే లీటరుకు 500 మిల్లీగ్రాములే కనబడుతుంది. సీసాలో పట్టి పరీక్షకు పంపితే నాలుగో వంతుకు తగ్గినట్టు కాగితం వస్తుంది. వాగులోకి పోయినవి మాత్రం అవే 200 కిలోలు. నీళ్ళ మీటరు రీడింగు పక్కన పెట్టుకుని చదివితేనే ఈ సంగతి బయటపడుతుంది. ఒక్క అంకెను నమ్మకూడదు, రెండు అంకెలు పక్కపక్కన ఉండాలి అనేది ఖజానా శాఖలో పనిచేసిన మిత్రులందరికీ తెలిసిన సూత్రమే.

1984 డిసెంబరులో భోపాల్ జరిగింది. 1986లో పర్యావరణ పరిరక్షణ చట్టం వచ్చింది. ఆ చట్టం కింది నియమాలలో 1992 మార్చి 13న చేర్చినదే మన కథానాయకుడు, ఐదో నంబరు ఫారం. అనుమతి తీసుకోవలసిన ప్రతి పరిశ్రమా ఏటేటా ఈ ఫారం నింపి కాలుష్య మండలికి పంపాలి. ఇందులో భాగాలున్నాయి. ఒక దానిలో నీళ్ళు ఎంత వాడారు, ఒక్కొక్క సరుకు ఒక యూనిట్‌కు ఎంత నీరు, ఎంత ముడిపదార్థం పట్టింది, పోయిన ఏడు ఎంత, ఈ ఏడు ఎంత అని పక్కపక్క గడులుంటాయి. తరువాతి దానిలో బయటికి వదిలిన కాలుష్యం మొత్తం ఎంత, గాఢత ఎంత, ప్రమాణానికి ఎంత తేడా, కారణం ఏమిటి అని ఉంటుంది. అంటే నేను పైన చెప్పిన ఉప్పు లెక్క, నీళ్ళ లెక్క రెండూ ఒకే పేజీలో అడిగారు. ఆపైన ప్రమాదకర వ్యర్థాలు, ఘన వ్యర్థాలు. ఆ తరువాత ఒక భాగంలో, కాలుష్యం తగ్గించడానికి మీరు తీసుకున్న చర్యల వల్ల ప్రకృతి వనరులు ఎంత ఆదా అయ్యాయి, దానివల్ల మీ ఉత్పత్తి ఖర్చు ఎలా మారింది అని అడుగుతుంది. మొదటి లెక్కనూ రెండో లెక్కనూ ఒక దారంతో కట్టిన ప్రశ్న అది. ఆ ఫారం ముసాయిదా వ్రాసినవారెవరో గాని, కనబడితే దండం పెట్టాలనిపించేది.

ఆ ఫారం పేరుకు కూడా ఒక చరిత్ర ఉంది. 1992లో దాని పేరు పర్యావరణ ఆడిట్ నివేదిక. మే 15లోగా పంపాలి అని గడువు. 1993 ఏప్రిల్‌లో సవరణ వచ్చింది. గడువు సెప్టెంబరు 30కి మారింది. దానితోపాటు ఆడిట్ అన్న మాట కొట్టివేసి స్టేట్‌మెంట్ అని పెట్టారు. ఆడిట్ అంటే ఒకరి లెక్క ఇంకొకరు చూడటం. స్టేట్‌మెంట్ అంటే ఎవరి లెక్క వారే చెప్పుకోవడం. మనం బతికి ఉన్నామని ఏటా మనమే స్వయంగా వెళ్ళి నిరూపించుకోవాలి. ఇప్పుడైతే వేలిముద్ర కూడా వేయాలి, ముసలి వేళ్ళకు గీతలు అరిగిపోయి ఆ యంత్రం ఒప్పుకోకపోతే మళ్ళీ మర్నాడు వెళ్ళాలి. నెలకు లక్షల లీటర్లు వాడే కార్ఖానా మాత్రం తాను బాగానే ఉన్నానని తానే వ్రాసి సంతకం పెడితే చాలు. ఈ తేడా నాకు అప్పుడూ మింగుడు పడలేదు, ఇప్పుడూ పడదు.

పరిశ్రమల కాగితాలు వచ్చే ఒక కార్యాలయంలో నేను కొంతకాలం యు.డి.సి.గా ఉన్నాను. దాని పేరు ఇక్కడ అనవసరం. తపాలులో ఈ ఫారాల నకళ్ళు వచ్చేవి. వాటిని రిజిస్టరులో ఎక్కించి ఫైలులో కట్టడం నా పని, చదవడం నా పని కాదు. కాని సాయంత్రం నాలుగున్నర తరువాత తపాలు తగ్గితే చదివేవాణ్ణి. ఒక యూనిట్ తాలూకు మూడేళ్ళ కాగితాలు వరుసగా చూస్తే ఉత్పత్తి దాదాపు రెట్టింపు అయింది, నీటి గడిలో మాత్రం మూడేళ్ళూ ఒకే అంకె, దశాంశంతో సహా. కొత్త యంత్రాలు పెట్టి నీరు ఆదా చేసి ఉండవచ్చు. అలాగైతే ఆదా గురించి అడిగే భాగంలో నాలుగు ముక్కలు గొప్పగా వ్రాసుకునేవారే. అక్కడ "వర్తించదు" అని ఉంది. నేను అరపేజీ నోటు వ్రాసి పైకి పెట్టాను. వారం తరువాత ఫైలు తిరిగివచ్చింది. మార్జినులో ఆకుపచ్చ సిరాతో "చూశాను. ఫైలులో ఉంచండి" అని ఉంది. ఉంచాను. ఆ నోటు ఇప్పటికీ ఏదో ఒక రికార్డు గదిలో ఉండే ఉంటుంది, చెదలు తినకపోతే.

కాగితం మీద అంకెలు ఎలా ఉన్నా, పటాన్‌చెరు పక్క ఊళ్ళలో బావులు తమ లెక్క తాము చెప్పడం మొదలుపెట్టాయి. నక్కవాగు పటాన్‌చెరు ప్రాంతం నుంచి పారి మంజీరలో కలుస్తుంది. దాని ఒడ్డున ఉన్న గ్రామాలలో నీళ్ళ రంగు మారింది, పంటలు దెబ్బతిన్నాయి. 1990లో ఒక పర్యావరణ సంస్థ సుప్రీంకోర్టుకు వెళ్ళింది. రైతులకు పరిహారం నిర్ణయించడానికి నష్టం ఎంతో జిల్లా న్యాయమూర్తి చేత కోర్టు లెక్క కట్టించింది. ఊళ్ళకు మంచినీరు ఇవ్వమని ఆదేశించింది. 2001లో ఆ వ్యాజ్యం హైకోర్టుకు బదిలీ అయింది. ఈలోగా చిన్న యూనిట్ల మురుగునంతా ఒకచోట శుద్ధిచేసే ఉమ్మడి కేంద్రాలు జీడిమెట్లలోనూ పటాన్‌చెరులోనూ వెలిశాయి. ఆ తరువాత పటాన్‌చెరు నుంచి సుమారు 18 కిలోమీటర్ల గొట్టం వేసి, అక్కడ శుద్ధి అయిన నీటిని నక్కవాగులోకి కాక నగరపు మురుగు కాలువలోకి మళ్ళించారు. అది చివరికి చేరేది అంబర్‌పేట శుద్ధికేంద్రానికి, రోజుకు 33.9 కోట్ల లీటర్లు శుద్ధిచేసే సామర్థ్యం ఉన్నచోటికి, అంటే మా నల్లకుంటకు కూతవేటు దూరానికి. నక్కవాగు కథ మా గుమ్మం దాకా వచ్చిందన్నమాట.

2009లో కేంద్ర కాలుష్య మండలి దేశంలోని 88 పారిశ్రామిక ప్రాంతాలకు వందకు ఇన్ని అని మార్కులు వేసింది. పరీక్షలో మార్కులు ఎక్కువైతే మంచిది, ఇక్కడ ఎక్కువైతే చెడ్డది. 70 వచ్చినవి, అంతకు మించినవి అతి కలుషితమైనవి. అలాంటివి 43 తేలాయి. గుజరాత్‌లోని అంకలేశ్వర్‌కు 88.50. మన పటాన్‌చెరు–బొల్లారానికి 70.07. గీటుకు పైన ఒక మార్కులో వందకు ఏడు వంతులు మాత్రమే! 69.99 వచ్చి ఉంటే వేరే జాబితాలో ఉండేది. బావి నీటికి ఆ తేడా తెలియదు. అయితే ఆ గీటు వల్లనే 2010 జనవరిలో కొత్త పరిశ్రమలకూ విస్తరణలకూ తాత్కాలిక నిషేధం వచ్చింది. కొలతకు అంత బలం ఉంది. అందుకే కొలిచేది ఎవరు, ఏం కొలుస్తున్నారు అన్నది అడగవలసిన ప్రశ్న.

ఏం కొలుస్తున్నారు అనేదానికి ఒక ఉదాహరణ చెప్పి తీరాలి. 2007లో స్వీడన్ దేశపు శాస్త్రవేత్తలు ఒక పరిశోధన ప్రచురించారు. సుమారు 90 మందుల యూనిట్ల మురుగు శుద్ధిచేసే పటాన్‌చెరు ఉమ్మడి కేంద్రం నుంచి బయటికి వచ్చే నీటిని వారు పరీక్షించారు. అందులో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉంది. ఒక్క రోజులో పోతున్న మందు సుమారు 44 కిలోలని లెక్కగట్టారు. 90 లక్షల జనాభా ఉన్న స్వీడన్ దేశం మొత్తం అయిదు రోజులలో వాడే మందు అది. ఫీవర్ ఆసుపత్రి పక్కన కాపురం ఉన్నవాళ్ళకు ఆ మందు పేరు కొత్త కాదు; టైఫాయిడ్ వచ్చిన పిల్లలకు చీటీ మీద వ్రాసిన మందే. అది వాగులో పారితే అక్కడి సూక్ష్మక్రిములు దానికి అలవాటు పడతాయి, ఆపైన రోగికి వేసినా పనిచేయదు. ఇంత సంగతి ఏటేటా నింపిన ఫారాలలో ఎందుకు కనబడలేదు? ఎవరో దాచినందుకు కాదు. ఫారంలో ఆ గడి లేదు. ప్రాణవాయువు లెక్క, లవణాల లెక్క ఉన్నాయి గాని మందుల అవశేషం లెక్క ఎవరూ అడగలేదు. 2020 జనవరిలో కేంద్ర ప్రభుత్వం 121 యాంటీబయాటిక్‌లకు హద్దులు పెడుతూ ముసాయిదా తెచ్చింది. 2021 ఆగస్టులో తుది ఉత్తర్వు వచ్చేసరికి ఆ హద్దులు అందులో లేవు. గడి గీశారు, మళ్ళీ చెరిపేశారు.

కొలత గురించి రసాయన శాస్త్రవేత్తలు చేసిన మేలు కూడా చెప్పాలి. 1992లో, మన ఫారం వచ్చిన ఏడాదే, రోజర్ షెల్డన్ అనే శాస్త్రవేత్త చాలా తేలిక లెక్క ఒకటి చెప్పాడు. ఒక కిలో సరుకుకు ఎన్ని కిలోల చెత్త మిగిలింది? అంతే. నీటిని అందులో కలపలేదు. పెట్రోలు శుద్ధిచేసే చోట కిలోకు వంద గ్రాముల లోపే. మామూలు భారీ రసాయనాలకు కిలో లోపు నుంచి అయిదు కిలోల దాకా. మందులకు 25 నుంచి 100 కిలోలు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ. ఎందుకంటే మందు ఒక్క దెబ్బలో తయారు కాదు. ఆరేడు మెట్లు ఎక్కాలి, ప్రతి మెట్టు మీదా ద్రావకాలు పోసి కడగాలి, ప్రతి మెట్టు దగ్గరా కొంత జారిపోతుంది. ఒక్క మెట్టు తగ్గించినా, వాడిన ద్రావకాన్ని తిరిగి పట్టి వాడినా లాభమే. పొగగొట్టం చివర, కాలువ చివర మురికిని పట్టుకోవడం కంటె అసలు పుట్టకుండా చూడటం చవక అనే మాట అప్పటి నుంచి బలపడింది. తార్నాకలో చేసే పని చాలావరకు ఇదే.

తరువాతి సంగతులు త్వరగా చెప్పేస్తాను. 1996లో ఐ.ఎస్.ఓ. 14001 వచ్చింది. గేటు మీద బోర్డులు వచ్చాయి. అది పద్ధతి ఉందా లేదా అని చూసే సర్టిఫికెట్, ఎన్ని నీళ్ళు మిగిలాయో చెప్పేది కాదు. 2004 జులై 14న కొండాపూర్‌లో సి.ఐ.ఐ. వారి గ్రీన్ బిజినెస్ సెంటర్‌ను అప్పటి రాష్ట్రపతి అబ్దుల్ కలాంగారు ప్రారంభించారు. అక్కడి నుంచే 2011లో గ్రీన్‌కో అనే రేటింగు వచ్చింది. కంపెనీలకు వెయ్యి మార్కులకు పరీక్ష. 2014లో కాలువ చివర యంత్రాలు పెట్టి అంకెలు నేరుగా మండలికి పంపాలని అధిక కాలుష్య పరిశ్రమలకు ఆదేశం వచ్చింది. 2017 జులైలో జి.ఎస్.టి. వచ్చినప్పుడు నీటి సెస్సు రద్దయింది. వసూలు పెద్దగా లేదు కనుక ఎవరూ ఏడవలేదు. నేను మాత్రం ఆ మీటరు రిటర్ను కోసం కొంచెం బాధపడ్డాను.

2021లో సెబీ వారు స్టాక్ మార్కెట్టులో పెద్దవైన వెయ్యి కంపెనీలు బాధ్యత, సుస్థిరత నివేదిక ఇవ్వాలన్నారు. 2022–23 నుంచి అది తప్పనిసరి అయింది. మా మనవరాలు చేసే పని ఇదే. ఒకసారి ఆ నమూనా చూపించింది. మంచి నమూనా. అయితే అందులో నీటి వాడకాన్ని ఒక రూపాయి అమ్మకానికి ఇంత అని లెక్కగట్టమన్నారు. "మీ మాత్ర ధర పది శాతం పెరిగితే?" అని అడిగాను. అమ్మకం రూపాయల్లో పెరుగుతుంది, రూపాయికి నీరు తగ్గినట్టు కనబడుతుంది, చుక్క కూడా ఆదా కాకుండానే! కరువు భత్యం లెక్కలతో జీవితాంతం కుస్తీపట్టిన మనకు ధరల పెరుగుదల అంకెలను ఎలా మభ్యపెడుతుందో ఒకరు చెప్పాలా? పాత ఐదో నంబరు ఫారం సరుకు యూనిట్‌కు ఇంత అని అడిగింది. అది మెరుగు. సరుకు లెక్కలోనూ ఒక చిక్కుంది: టన్నుకు 10 కిలోలీటర్ల నుంచి 6కు తగ్గించి, ఉత్పత్తి మాత్రం 100 టన్నుల నుంచి 200కు పెంచితే, మొత్తం నీరు 1,000 నుంచి 1,200కు పెరుగుతుంది. కంపెనీ వారు 6 చూపిస్తారు, ఊరివారు 1,200 చూపిస్తారు. ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు. బావి మాత్రం ఊరివారి లెక్కే వింటుంది.

1993లో కొట్టివేసిన ఆడిట్ అన్న మాట 2025 ఆగస్టులో తిరిగివచ్చింది. పర్యావరణ ఆడిట్ నియమాలు అనే పేరుతో కేంద్రం కొత్త ఉత్తర్వు ఇచ్చింది. నమోదైన ఆడిటర్లు వెళ్ళి కార్ఖానాల లెక్కలు సరిచూస్తారట. ముప్పై రెండేళ్ళు పట్టింది. ఆ ఆడిటరుకు ఫీజు ఎవరిస్తారు, తప్పు వ్రాస్తే ఏం చేస్తారు అనేది ఆచరణలో చూడాలి. మన సభ్యులలో లోకల్ ఫండ్ ఆడిట్‌లో పనిచేసినవారు ఒకరిద్దరు ఆ నియమాలు చదివి వచ్చే సంచికకు వ్రాస్తే బాగుంటుంది.

చివరగా ఒక విజ్ఞప్తి. బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్టులో తార్నాక సంస్థ వారి పరిజ్ఞానంతో ఒక బయోగ్యాస్ కేంద్రం పెట్టారు. 2021 నాటి లెక్క ప్రకారం రోజుకు సుమారు 10 టన్నుల కుళ్ళిన కూరగాయలు వేస్తే 500 యూనిట్ల కరెంటు, 30 కిలోల గ్యాసు వచ్చేవి. కరెంటు మార్కెట్టు దీపాలకూ దుకాణాలకూ, గ్యాసు క్యాంటీను పొయ్యికి. టన్నుకు 50 యూనిట్లు. ఇప్పుడు ఎంత వస్తున్నదో వెళ్ళి చూడాలని నాకు కోరికగా ఉంది. కలిసి వచ్చే సభ్యులు పది మంది ఉంటే మార్కెట్ కమిటీ వారికి అనుమతి కోసం నేను ఉత్తరం వ్రాస్తాను. కూరగాయల లారీలు దిగే వేళకు, అంటే తెల్లవారుజామునే, బయలుదేరవలసి ఉంటుంది. మోకాళ్ళ నొప్పులవారు ముందుగా చెబితే ఆటోలు మాట్లాడతాను.